నాయనమ్మకు మతి పోయిందన్నాం

గ్యాసు సిలిండరు తెచ్చిన అబ్బాయిని ఒకే పూటలో రెండుసార్లు "ఎవరింటికి బాబూ" అని అడిగానట. మా కోడలు కంగారుపడి కిందటి నెలలో నన్ను విజయవాడలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది. కుర్రవాడే గాని ఓపిక ఉన్నవాడు. ఇవాళ ఏ వారం, ఇది ఏ నెల, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత, అందులోంచి మళ్ళీ ఏడు తీస్తే ఎంత అని వరసగా అడిగాడు. ముప్పై ఏళ్ళు గుడివాడలో లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి నేను టకటకా చెప్పేసరికి నవ్వి, కలం మూయబోతూ, రోజు మొత్తం మీద ఎంతమందితో మాట్లాడతారు మామ్మగారూ అన్నాడు. మతిమరుపుకూ దానికీ ఏమిటి సంబంధమని మా కోడలు అడిగితే, పలకరించే మనుషులు తగ్గిపోతే పెద్దవాళ్ళ బుర్ర కూడా తగ్గిపోతుందమ్మా అని, వాన వస్తే తడుస్తాం అన్నంత మామూలుగా చెప్పాడు. ఆయన దాన్ని పుస్తకాల్లో చదువుకుని ఉంటాడు. నేను పన్నెండేళ్ళ వయసులో మా ఇంట్లోనే చూశాను, చూడడంతో ఊరుకోకుండా అందులో నా చెయ్యి కూడా వేశాను. ఆ రోజు కారులో ఇంటికి వస్తూ దారి పొడుగునా మా నాయనమ్మ గురించే అనుకున్నాను. నా ఈడువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందే ఒక మాట చెప్పుకోవాలి. ఇందులో నన్ను మెచ్చుకోవలసింది ఏమీ లేదు.

అవి యాభైల చివరి ఏళ్ళు. దివిసీమలో, కోడూరుకు ఈవల, కాలువ గట్టు మీద మా ఊరు. నాన్నగారు మిషను ఎలిమెంటరీ స్కూలుకు హెడ్మాస్టరు, చర్చిలో సంఘపెద్ద. ఉతికి ఆరేసిన పంచెలాగే మాట కూడా మడత నలగకుండా ఉండేది ఆయనది. ఆదివారం ఆయన ప్రార్థన చేస్తుంటే చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకునేవారు. ఆయన్ను అంతవాణ్ణి చేసింది మా నాయనమ్మ. తాతయ్య చిన్న వయసులోనే పోతే పరాయి పొలాల్లో నాట్లు వేసి, కోతలు కోసి, కొడుకుని బందరు పంపించి ట్రైనింగు చదివించుకుంది. తనకు అక్షరం ముక్క రాదు. కాని కీర్తనల పుస్తకం మొత్తం నోటికి వచ్చు, ఎవరైనా ఒక చరణం దాటేసి పాడితే అక్కడే ఆపి వెనక్కి తీసుకొచ్చేది.

మా వైపు ఎక్కడ నుయ్యి తవ్వినా ఉప్పునీళ్ళే. తాగడానికి కాలువ నీళ్ళే దిక్కు కాబట్టి ఊళ్ళో ఆడవాళ్ళందరూ పొద్దున్నా సాయంత్రమూ రేవుకు రావలసిందే. నాయనమ్మ ఇత్తడి బిందె తీసుకుని వెళ్ళేది. ఒక్క బిందె నీళ్ళు తేవడానికి ఆవిడకు గంటన్నర పట్టేది. అడుగు మెట్టు మీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుని, కొంగు చాటున అడ్డపొగ పీల్చేది, అంటే చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. సంఘపెద్ద తల్లి చుట్ట కాల్చడమేమిటని నాన్నగారు ఇంట్లో మానిపించారు గాని రేవులో ఆయన పెత్తనం సాగలేదు. ఎవరి కోడలికి నెల తప్పింది, ఎవరి గేదె పాలు ఎగ్గొట్టింది, ఏ తల్లీకూతుళ్ళకు మాటల్లేవు, అన్నీ ఆవిడ దగ్గరికి వచ్చి తీరేవి. కొందరికి అత్త, కొందరికి వదిన, కొందరికి పిన్ని. చర్చికి వచ్చేవాళ్ళూ రానివాళ్ళూ అందరికీ అంతే. ఎండాకాలం కాలువ కట్టేసినప్పుడు ఎండిన అడుగున చెలమలు తవ్వుకుని గరిటెలతో నీళ్ళు తోడుకునేవాళ్ళం. ఆ ఎర్రటి ఎండలో కూడా చెలమ పక్కన నాయనమ్మ కూర్చుంటే చుట్టూ పదిమంది చేరి, నీళ్ళు ఊరేదాకా అన్న మిషతో ఊరినదాన్ని వదిలేసి కబుర్లు చెప్పుకునేవారు.

ఇక ఇంటి సంగతి. ఇది నా పిల్లలకు కూడా చెప్పలేదు. మడత నలగని ఆ మనిషి అమ్మను కొట్టేవారు. తరచుగా కాదు, తాగి కాదు. బయట ఎక్కడో తల వంచుకోవలసి వచ్చిన రోజున ఇంట్లో చెయ్యి లేచేది. ఆ ఏడు స్కూలు ఇన్‌స్పెక్షనుకు వచ్చిన ఆఫీసరు అసిస్టెంట్లందరి ముందూ ఆయన్ను ఏదో అన్నాడట. ఆ సాయంత్రం అన్నం వార్చడం ఆలస్యమైందని స్కూలు నుంచి తెచ్చిన రూళ్ళకర్రతో అమ్మ ముంజేతి మీద కొట్టారు. నేను గుమ్మంలో కూర్చుని చదువుకుంటున్నాను. మూడు దెబ్బలు. నాలుగోది పడేలోపల నాయనమ్మ వచ్చి మధ్యలో నిలబడింది, ఆయన కర్ర కింద పెట్టి చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు. ఆ రాత్రి నాయనమ్మ పసుపూ సున్నమూ కలిపి అమ్మ చేతికి పట్టు వేసింది. తెల్లారి అమ్మ, ఎవరైనా అడిగితే రేవులో జారిపడ్డానని చెప్పమని మా నలుగురు పిల్లలకూ చెప్పింది.

రెండు రోజుల తర్వాత రేవులో పాస్టరు అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అనేవాళ్ళం, కోడలి చెయ్యి ఎలా ఉందని నాయనమ్మను అడిగింది. నేను చిన్న చెంబు ముంచుకుంటూ పక్కనే ఉన్నాను. నాయనమ్మ చుట్ట తీసి పక్కన పెట్టింది.

"జారిపడలేదమ్మగారూ. నా కొడుకే కొట్టాడు, రూళ్ళకర్రతో. ఇది మొదటిసారి కూడా కాదు. నేను చెప్తే వినట్లేదు. అయ్యగారితో ఒక మాట చెప్పించండి, ఆయన మాటంటే భయం ఉంది వాడికి."

రేవులో అప్పుడు ఆరుగురో ఏడుగురో ఉన్నారు. పొద్దుగూకేసరికి ఊరంతా తెలిసింది. కోడల్ని కొట్టాడని కొడుకు మీద తల్లి ఫిర్యాదు చేయడం మా ఊళ్ళో అంతవరకు ఎవరూ వినలేదు. ఆవిడ మాత్రం జ్వరం వచ్చిందని వైద్యుడికి చెప్పినంత సూటిగా చెప్పి, బిందె నెత్తికెత్తుకుని ఇంటికి వచ్చింది.

శనివారం సాయంత్రం అయ్యగారు మా ఇంటికి వచ్చారు. రుజువైతే నాన్నగారి పెద్దరికం పోతుంది, బందరులో మిషనువాళ్ళ చెవిన పడితే ఉద్యోగం కూడా పోతుంది. ఆ సంగతి నాకంటే అమ్మకు బాగా తెలుసు. నాయనమ్మ అప్పుడు రేవులో ఉంది. అయ్యగారు విషయం ఎత్తగానే నాన్నగారు అవుననలేదు, కాదనలేదు. ఎవరికీ చెప్పుకోలేని బాధ మోస్తున్నవాడిలా తల వంచుకున్నారు. అమ్మ పైట నిండా కప్పుకుని లోపలినుంచి వచ్చి తలుపు పక్కన నిలబడింది.

"అత్తయ్యగారికి ఈమధ్య మతి నిలకడగా ఉండట్లేదండి. లేనివి ఉన్నట్టు చెప్తున్నారు. నలుగురికీ తెలిస్తే ఆవిడకే నామర్దా అని మేం బయటపెట్టలేదు," అంది.

ఏ చేతిని కాపాడబోయి నాయనమ్మ నోరు విప్పిందో ఆ చెయ్యి పైట కిందే ఉంది. అయ్యగారు నన్ను దగ్గరికి పిలిచారు. సండే స్కూల్లో వాక్యాలు అప్పజెప్పడంలో నాకెప్పుడూ మొదటి బహుమతి వచ్చేది.

"నువ్వు అబద్ధం చెప్పవని నాకు తెలుసమ్మా. నాయనమ్మ ఏమైనా తేడాగా ఉంటోందా?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నేల వైపు చూసింది. అవునండీ అన్నాను. అక్కడితో ఆపి ఉంటే ఇన్నేళ్ళు ఇంత బాధ ఉండేది కాదేమో. కాని అంత పెద్దమనిషి నా మాట కోసం ముందుకు వంగి వింటున్నాడు, జీవితంలో ఎవరూ నా మాట అలా వినలేదు. రాత్రిళ్ళు లేచి కూర్చుని ఎవరితోనో మాట్లాడుతుందండీ అన్నాను. ఆవిడ ప్రార్థన చేసుకునేది. తాతయ్య వచ్చాడని అన్నం పెట్టమంటుందండీ అన్నాను. అది పూర్తిగా నా కల్పన. అయ్యగారు నా తల మీద చెయ్యి వేసి నిట్టూర్చారు. నాన్నగారు అప్పుడు మొదటిసారి తలెత్తి నా వైపు చూశారు. ఆ చూపులో మెప్పు ఉంది. ఆ మెప్పు నాకు ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తు.

మర్నాడు చర్చిలో అయ్యగారు జబ్బుపడినవాళ్ళ పేర్లు చదువుతూ, మన సంఘపెద్దగారి తల్లికి దేవుడు మతి స్థిమితం ఇవ్వాలని అందరూ ప్రార్థించండి అన్నారు. నాయనమ్మ ఆడవాళ్ళ చాప మీద ముందు వరసలోనే కూర్చుని ఉంది. తన గురించేనని తెలియడానికి ఆవిడకు కాస్త సమయం పట్టింది. తెలియగానే, ఇదేదో పొరపాటనుకుని, గట్టిగా నవ్వింది. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్న ఆ నిశ్శబ్దంలో ఆ నవ్వు. చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు తెరిచి ఒకరినొకరు చూసుకున్నారు. ఇంతకంటే రుజువు ఇంకేం కావాలి! ఆ తర్వాత ఆవిడ కోప్పడినా రుజువే, ఏడ్చినా రుజువే, నాకేం కాలేదమ్మా నేను బాగానే ఉన్నానని బతిమాలినా రుజువే.

రేవులో ఆవిడను ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, తిరిగి నాలుగు దులిపి ఉండేది. అందరూ మంచిగా ఉండడం మొదలుపెట్టారు. చంటిపిల్లతో మాట్లాడినట్టు గొంతు పెంచి, మాట సాగదీసి, "తిన్నావా... అత్తా?" అని అడిగి, జవాబు వినకుండా తల ఊపేవారు. కొత్త కబురు ఆవిడకు ఎవరూ చెప్పలేదు, సలహా ఎవరూ అడగలేదు. ఆవిడ రాగానే మాట మారిపోయేది. ఒకరోజు అప్పుడే ఆరంభమైన ఒక తగవులో ఈవిడ తీర్పు చెప్పబోతే, ఒకామె ఆవిడ చేతిలోంచి బిందె తీసుకుని, ముంచి ఇచ్చి, ఎంతో ప్రేమగా, మీకెందుకు మామ్మగారూ ఈ గొడవలు, ఇంటికెళ్ళి పడుకోండి అంది. ఆ రోజు నాయనమ్మ ఒక బిందె నీళ్ళు పావుగంటలో తెచ్చింది. నెలలోపలే నాన్నగారు, నాయనమ్మ కాలువలో పడిపోతుందేమోనని భయంగా ఉందని పదిమందికీ చెప్పి, నీళ్ళు మోయడానికి మనిషిని పెట్టారు. నాయనమ్మను వీధి గుమ్మం దాటనివ్వకుండా చూసే పని నాకు అప్పగించారు. సంఘంలో ఆయన పేరు ఇంకా పెరిగింది. అమ్మను కొట్టడం తగ్గలేదు.

ఆవిడకు మిగిలింది ఒక్క మనిషి. హంసలదీవి వైపు పల్లెపాలెం నుంచి వారానికి రెండుసార్లు ఎండుచేపల గంపతో వచ్చే ఒక పెద్దామె. మేం చేపల పిన్ని అనేవాళ్ళం. చర్చికి వచ్చే మనిషి కాదు, మా ఊరి మాటలు తెలియవు, అందుకని నాయనమ్మతో ఎప్పటిలాగే మాట్లాడేది. నాన్నగారి కంట పడకుండా పెరట్లో గంప దించి, ఇద్దరూ చెరొక చుట్ట ముట్టించి, సముద్రం మీదికి వెళ్ళిన కొడుకులు, వలలు, గాలి, కోడళ్ళు అంటూ పొద్దెక్కేదాకా మాట్లాడుకునేవారు. ఆమెతో తగువాడేది కూడా, చేప ముక్కిపోయిందని గంప విసిరికొట్టినంత పని చేసేది. ఆ రెండు రోజులూ నాయనమ్మ అచ్చం మా పాత నాయనమ్మ. మిగిలిన అయిదు రోజులూ మంచం పట్టెను చేత్తో రాస్తూ కూర్చునేది.

పెరట్లో మాటలు గంపతోపాటు ఊళ్ళ మీదికి పోతాయని నాన్నగారికి అనుమానం వచ్చింది. తాను చెప్తే గొడవ అవుతుందని, నన్ను పిలిచి ఏం చెప్పాలో నేర్పించారు. ఆ వచ్చే మంగళవారం నేను వీధి తడిక దగ్గరే నిలబడి ఆమెను ఆపాను. నాయనమ్మకు మతి పోయింది, నువ్వు వస్తే ఎక్కువవుతోంది, బందరు డాక్టరు నిన్ను రావద్దన్నాడు అని అప్పజెప్పాను. డాక్టరెవరూ లేడు. ఆమె గంప దించకుండానే నా ముఖంలోకి కాసేపు చూసింది.

"మొన్న శుక్రవారం బాగానే మాట్లాడిందే. నువ్వు చెప్తున్నావా అమ్మాయ్, నిన్ను చెప్పమన్నారా?"

నేనే చెప్తున్నాను అన్నాను. ఆమె గుప్పెడు రొయ్యపొట్టు ఆకులో కట్టి, మీ మామ్మకియ్యి అని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. నాయనమ్మ అప్పటికే పెరట్లో పీట వేసుకుని కూర్చుని ఉంది. ఆ మంగళవారమూ, ఆ తర్వాత చాలా మంగళవారాలూ, శుక్రవారాలూ అలాగే కూర్చుంది. రొయ్యపొట్టు ఎవరిచ్చారో నేను చెప్పలేదు.

ఆ వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం నేను ఆవిడ తల దువ్వుతున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుంది.

"అమ్మాయ్, అందరూ అంటున్నారు, అయ్యగారు కూడా అంటున్నారు. ఆ రోజు మీ నాన్న కొట్టడం నేను చూశానా, లేకపోతే నాకు అలా అనిపించిందా? నువ్వు గుమ్మంలో ఉన్నావు. నువ్వు చెప్తే నమ్ముతాను."

ఇప్పటికీ ఆ పట్టు నా చేతికి తెలుస్తుంది. నాకు పన్నెండు నిండి పదమూడు నడుస్తోంది, చిన్నపిల్లను అనడానికి లేదు. నిజం చెప్తే ఆవిడ మళ్ళీ ఎక్కడైనా అంటుంది, అప్పుడు నా అబద్ధం బయటపడుతుంది, నాకు కనిపించింది అదొక్కటే. అమ్మ జారిపడింది నాయనమ్మా, నీకే అలా అనిపించింది అన్నాను. నా చెయ్యి వదిలేసింది. అయితే సరే అంది. అంతే, ఆ తర్వాత ఆవిడ ఎవరితోనూ వాదించలేదు.

మతి నిజంగా పోవడం అక్కణ్ణుంచి మొదలైంది. మొదట కీర్తనల్లో చరణాలు కలిసిపోయాయి. తర్వాత వారాలు తెలియకుండా పోయాయి, రోజూ పొద్దున్నే ఇవాళ మంగళవారమా అని అడిగేది. అన్నం మెతుకులు కొంగున కట్టి దాచుకునేది. ఒక రాత్రి నిజంగానే, మీ తాతయ్య వచ్చాడు, పళ్ళెం పెట్టమని నన్ను లేపింది. అయ్యగారికి నేను కల్పించి చెప్పిన మాట ఆవిడ నోటినుంచి వింటుంటే దుప్పటి నోట్లో కుక్కుకుని పడుకున్నాను. ఇంకో ఏడాదికి నాన్నగారు పులిగడ్డ దాటించి బస్సులో బందరు తీసుకువెళ్ళి ఆస్పత్రిలో చూపించారు. ఎంతకాలం నుంచి ఇలా ఉందని అక్కడ డాక్టరు అడిగితే, రెండేళ్ళ పైనే అయిందండీ అన్నారు. అయ్యగారు మా ఇంటికి వచ్చిన ఆ శనివారం నుంచే నాన్నగారు లెక్కపెట్టారు. ఆ అబద్ధాన్ని ఆయన కూడా నమ్మేశారని నాకు అప్పుడు అర్థమైంది.

అమ్మ మాత్రం నాయనమ్మకు అన్ని సేవలూ చేసింది. స్నానం చేయించేది, తినిపించేది, పక్క మార్చేది. చేస్తూ చేస్తూ లోగొంతుకతో ఏదో చెప్పుకుంటూ ఉండేది. ఒకరోజు తడిక వెనక నుంచి విన్నాను. తనకు తగిలిన దెబ్బలన్నీ, ఎప్పుడు ఎక్కడ ఎందుకు తగిలాయో, ఒక్కొక్కటే నాయనమ్మకు చెప్తోంది. ఇంక ఎవరికీ చెప్పలేని మనిషి దొరికింది కదా. నాయనమ్మ ఎంతో శ్రద్ధగా వింది. అమ్మ మోచేతి దగ్గర కమిలిన చోట వేలితో మెల్లగా తాకి, "రేవులో జారిపడ్డావా తల్లీ?" అని అడిగింది. అమ్మ మొహం రెండు చేతుల్లో దాచుకుంది. నేను శబ్దం కాకుండా అక్కణ్ణుంచి వచ్చేశాను.

నాకు పదహారో ఏట నాయనమ్మ పోయింది. సమాధి దగ్గర నాన్నగారు చేసిన ప్రార్థనను ఊళ్ళో చాలాకాలం చెప్పుకున్నారు. తన్ను గుర్తుపట్టలేని తల్లికి ఆయన చేసిన సేవ గురించి అయ్యగారు మాట్లాడితే అందరూ ఏడ్చారు. రేవులో ఆవిడను పడుకోమని పంపించినామె అందరికంటే ఎక్కువ ఏడ్చింది. జనం వెళ్ళిపోయాక సమాధుల తోట గోడ అవతల చేపల పిన్ని కనిపించింది. ఎవరు చెప్పారో, ఎప్పుడు బయల్దేరిందో, కాళ్ళకు మోకాళ్ళ దాకా బురద. నన్ను చూసి దగ్గరికి రమ్మంది.

"ఆ రోజు నువ్వు చెప్పేటప్పుడు నీ ముక్కు మీద చెమట పోసింది. అబద్ధమని అప్పుడే తెలుసు నాకు. తెలిసీ ఎల్లిపోయాను. చేపలమ్ముకునేదాన్ని, హెడ్మాస్టారి గుమ్మంలో నా మాటెక్కడ చెల్లుద్ది?" అంది. నన్ను తిట్టలేదు. చుట్ట కట్ట ఒకటి తీసి, లోపలికి రావచ్చో లేదో అని అటూ ఇటూ చూసి, గోడ మీదే పెట్టి వెళ్ళిపోయింది. నేను దాన్ని సమాధి దగ్గర పెట్టాలనుకున్నాను. నాన్నగారు చూస్తారని కాలువలో పారేశాను.

తర్వాత నేను ట్రైనింగు చదివి గుడివాడలో టీచరునయ్యాను. నాన్నగారు పోయాక అమ్మ నా దగ్గరే ఇరవై ఏళ్ళు ఉంది. ఆ ఇరవై ఏళ్ళలో మేమిద్దరం మాట్లాడుకోని సంగతి అదొక్కటే. ఆఖరి రోజుల్లో ఒకసారి అమ్మ, మీ నాయనమ్మ... అని మొదలుపెట్టింది. మందు వేసుకోమ్మా అని నేను నీళ్ళ గ్లాసు అందించాను.

ఇప్పుడు మా ఊళ్ళో రేవుకు ఎవరూ రారు. మెట్లకు సిమెంటు చేశారు, వాటి మీద గుర్రపుడెక్క ఎక్కింది. నీళ్ళు డబ్బాల్లో గుమ్మంలోకే వస్తాయి. ఆ రోజులే వేరు, మనిషికి మనిషి ఉండేవాడు అని నా ఈడువాళ్ళు అంటుంటే నేనూ తల ఊపుతాను. నిజమే, ఉండేవాడు. అందుకే అప్పట్లో ఒక ముసలిమనిషిని ఒంటరిని చేయాలంటే ఎంతో కష్టపడవలసి వచ్చేది. ఒక అబద్ధం, ఒక ప్రార్థన, బుద్ధిమంతురాలైన ఒక ఆడపిల్ల సాక్ష్యం, ఊరందరి జాలి, ఇన్ని కలిస్తేగాని అయ్యేది కాదు. ఇప్పుడు అంత శ్రమ ఎవరూ పడనక్కర్లేదు, ఎవరి మీదా కోపం లేకుండానే అయిపోతోంది.

చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండి అన్నప్పుడల్లా లేచి, మా నాయనమ్మ చెప్పింది నిజం, ఆవిడకు మతి బాగానే ఉండేది, అబద్ధం చెప్పింది నేను అని చెప్పాలనుకునేదాన్ని. నాన్నగారు ఉన్నన్నాళ్ళూ భయం వేసింది. అమ్మ ఉన్నన్నాళ్ళూ జాలి వేసింది. ఇప్పుడు అడ్డం ఎవరూ లేరు. మొన్న క్రిస్మస్‌కు మా ఊరి చర్చికి వెళ్ళి ఆడవాళ్ళ వైపు కూర్చుని, ఒక్కొక్క మొహమే చూస్తూ వచ్చాను. మా నాయనమ్మను ఎరిగినవాళ్ళు అందులో ఒక్కరూ లేరు.